పోటెక్కిన పాదాలు

పొద్దున్నే పడవలు ఒడ్డు పట్టగానే అసిరమ్మ వేలంలో నిలబడి, నాలుగు మాటలు అని, నాలుగు మాటలు పడి, తట్ట నిండా చేపలు కొనుక్కునేది. అమ్మకానికి బయల్దేరే ముందు ఇంటికొచ్చి కోడలు సూర్యకళ పాదాలు చూసేది. ఏడో నెల వచ్చిన దగ్గర్నుంచీ ఇదీ రోజువారీ పనుల్లో ఒకటైపోయింది. సముద్రం పోటు మీదుంటే సూర్యకళ పాదాలు పొంగి చెప్పుల్లో పట్టేవి కావు. ముఖం ఉబ్బేది, తల పగిలిపోతోందనేది, బీపీ పైకెక్కేది. నీరు వెనక్కి తీస్తే పాదాలు సన్నబడేవి, బీపీ దిగేది. జాలరిపేటలో దీనికెవరూ వింతపడలేదు. పక్కింటి ముసలమ్మయితే సూర్యకళ గుమ్మంలో కూర్చున్న తీరు చూసి, పడవ దించాలో వద్దో కొడుక్కి కేకేసి చెప్పేది.

కిందటేడు ఇలాగే పోటు మీద సూర్యకళకు నొప్పులొచ్చాయి. మంత్రసాని చేతుల్లోకి వచ్చిన బిడ్డ ఏడవలేదు. ఈసారి పెద్ద డాక్టరు దగ్గరే కాన్పు జరగాలని అసిరమ్మ కొడుకు మోహన్ పట్టుబట్టాడు. పోర్టులో కాంట్రాక్టు పని అతనిది. జీతంలోంచి కోత పెట్టి ఇచ్చిన సర్కారు బీమా కార్డు ఉంది. ఊళ్ళోని పెద్దాసుపత్రికి అసిరమ్మ ఒప్పుకోలేదు. ఆమె మొగుడు ఊపిరి జబ్బు ముదిరి అక్కడే కన్నుమూశాడు. ఆ గేటు మళ్ళీ దాటనని ఆవేళే ఒట్టు పెట్టుకుంది. ఒట్టంటే ఆమెకు ఒట్టే.

మోహన్‌కి డ్యూటీలు. అందుకని అసిరమ్మే తట్ట పక్కన పెట్టి కోడల్ని వెంటబెట్టుకుని తిరిగింది. మొదటి నర్సింగ్ హోమ్‌లో వాపు చూసి, "కార్డు మీద ఇలాంటి కేసు తీసుకోలేమమ్మా, ప్రాణం మీదకొస్తే ఎవరిది జవాబు?" అన్నారు. రెండో చోట కార్డు చూసి నవ్వుతూ కూర్చోమన్నారు, బీపీ చూశాక నవ్వు మానేసి కార్డు తిరిగి ఇచ్చేశారు. బస్సులో వస్తూ సూర్యకళ కిటికీ లోంచి బయటికి చూస్తూనే ఉంది. అసిరమ్మకు మాత్రం సీట్లో కుదురు లేదు. దిగాల్సిన స్టాపు రాకముందే రెండుసార్లు లేచి నిలబడింది.

ఇంటికొచ్చాక ఆమెకో ఆలోచన తట్టింది.

"ఒలే, నీరు తీసినప్పుడు ఎల్దాం. పాదాలు సన్నంగుంటే ఎవులేటంతారు?"

"మరి పోయిన బిడ్డ సంగతి అడిగితే?"

"తొలిసూలని సెప్పు."

సూర్యకళ ఆమె ముఖంలోకి చూసింది. "అబద్దమాడమంతన్నావేటి అత్తా? నువ్వేనా?"

అడగాల్సిన మాటే. నిన్నటి చేపని నిన్నటిదని చెప్పి అమ్మే మనిషి అసిరమ్మ. చేస్తున్నది తప్పని ఆమెకు తెలుసు. తెలిసే చేసింది.

కార్డు తీసుకునే డాక్టరమ్మ ఒకామె కంచరపాలెంలో ఉందని మోహన్‌తో పనిచేసేవాళ్ళు చెప్పారు. పేరు గంగాభవాని, గోదావరి జిల్లా నుంచి వచ్చిన మనిషి. మర్నాడు పొద్దున్న సముద్రం బాగా వెనక్కి తీసిన వేళకి అత్తాకోడళ్ళు ఆ ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టరమ్మ బీపీ చూసింది, పాదాలు నొక్కి చూసింది, ఎన్నో కాన్పని అడిగింది. సూర్యకళ తల వంచుకుని తొలిసూలని చెప్పింది.

"శుభ్రంగా ఉన్నావమ్మా. నీకిక్కడ పనిలేదు," అంది గంగాభవాని.

అసిరమ్మ కార్డు డాక్టరమ్మ ముందుకి తోసింది. "అదేటి తల్లీ? కార్డు తీసుకుంతారని సెప్పారు గదా?"

"తీసుకుంటామండి. కానీ కార్డు మీద మాకిచ్చిన మంచాలు ప్రమాదమున్న కాన్పులకే. మామూలువి మీ బీమా డిస్పెన్సరీలోనే చేస్తారు. భయపడకుండా వెళ్ళిరండి."

బయట రైలు గేటు పడి ఉంది. వాళ్ళెక్కిన ఆటో ఆగిపోయింది. గూడ్సు బండి ఎంతకీ తెమలడం లేదు.

"నీ తెలివి సల్లగుండా," అంది సూర్యకళ. "లావుగున్నానని ఆళ్ళు పంపేసారు. సన్నంగున్నానని ఈవిడ పంపేసింది. ఇంక సముద్రాన్నే సూడమందామా అత్తా నా కాన్పు?"

గూడ్సు బండి ఆఖరి పెట్టె దాటాక గేటు లేచింది. ఆటో అతను బండి స్టార్టు చేశాడు.

"ఆపు బాబూ," అంది అసిరమ్మ. "ఎనక్కి తిప్పు."

మళ్ళీ చీటీ తీసుకుని వరండాలో బల్ల మీద కూర్చున్నారు. సూర్యకళ పేరు పిలిచారు. అసిరమ్మ లేవలేదు, పక్కనున్నామెను లోపలికి పంపింది. మళ్ళీ పిలిస్తే ఇంకొకామెను పంపింది. ఆయా విసుక్కుంది.

"ఏటమ్మా, సెవుడా? పేరు పిలుత్తంటే కదలరేటి?"

"మా ఏల ఇంకా రానేదు," అంది అసిరమ్మ.

మధ్యాహ్నం దాటాక సూర్యకళ చెప్పులు విప్పేసింది. తర్వాత గాజులు బిగుసుకున్నాయి. నుదురు పట్టుకుని, "అత్తా, వొచ్చేసింది," అంది. అప్పుడు అసిరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, పిలుపు కోసం చూడకుండా లోపలికి నడిపించింది.

"అమ్మా, పొద్దున్న అబద్దమాడేం. ఇది తొలిసూలు కాదు. ఒక బిడ్డ పోయింది. దీనికి పోటుతో ఒళ్ళు పొంగుతాది. అది కనపడకుండా నీరు తీసినప్పుడు తీసుకొచ్చేను. ఇప్పుడు సూడండి."

గంగాభవాని బీపీ చూసింది. ఒకసారి చూసి, నమ్మకం కుదరక మళ్ళీ చూసింది.

"మా పిన్నికీ గోదావరి వరదప్పుడు ఇంతే," అంది పట్టీ విప్పుతూ. "అది కాదు నేనడిగేది. పొద్దున్న మీ మాట నమ్మి పంపేశాను. ఇంటి దగ్గర ఈ పిల్ల పడిపోతే? అలా చెప్పమని ఎవరు నేర్పారు?"

సూర్యకళ నోరు తెరవబోయింది. అసిరమ్మ ఆమెను వెనక్కి నెట్టి ముందుకొచ్చింది.

"నానే. దాని తప్పు నేదు. సిచ్చేదన్నా ఉంతే నాకు రాయండి."

"నేను మందులు రాస్తానండి, శిక్షలు రాయను," అని డాక్టరమ్మ కార్డు తీసుకుని మంచం ఇప్పించింది.

సూర్యకళ ఆ మంచం మీదే తొమ్మిదో నెలలోకి వచ్చింది. డాక్టరమ్మ నీరు తీసే వేళ చూసి ఆపరేషన్ చేద్దామనుకుంది. కానీ ఒక ఉదయం బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించింది. ఆగడానికి లేదు. ఆ వేళ నిండు పోటు. మోహన్ పోర్టు నుంచి ఒంటినిండా ఎర్రదుమ్ముతోనే పరుగెత్తుకొచ్చాడు. అసిరమ్మ తలుపు ముందు అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి బల్ల మీద కూలబడింది.

లోపల బిడ్డ ఏడ్చింది. గట్టిగా, ఆపకుండా ఏడ్చింది.

గంగాభవాని బయటికొచ్చింది. "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. బీపీ అసలు పెరగనే లేదు, పాదాలు చూస్తే ఎంత సన్నగా ఉన్నాయో! ఇప్పుడు పోటు కాదాండి?"

"పోటేనండి," అన్నాడు మోహన్. "వొత్తన్నప్పుడు సూసేను."

తర్వాత తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, లే. మనవరాల్ని సూద్దువుగాని."

"నువ్వెల్లు. నానొత్తాను."

మోహన్ లోపలికి వెళ్ళాడు. అసిరమ్మ వంగి తన కాళ్ళ వైపు చూసుకుంది. పాదాలు నీరు నిండి మెరుస్తున్నాయి. వేళ్ళ మధ్య సందు లేదు. తల పగిలిపోతోంది. కోడలు ఇన్నాళ్ళూ మోసింది ఇంత బరువా అనుకుంది. ఎవరినీ పిలవలేదు. చీర అంచు కిందికి లాగి పాదాలు కప్పుకుని, నీరు తీసేదాకా అక్కడే కూర్చుంది.