ముందే చదివేసిన ఏడాది

యలమందయ్యకు బాలు మీద ఉన్న నమ్మకం ముప్పై ఏళ్ళ నాటిది. ఏడో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. లెక్కల పరీక్ష రోజున యలమందయ్య తన కాగితం కాస్త పక్కకు జరిపి పెట్టకపోతే బాలు ఆ ఏడు గట్టెక్కేవాడు కాదు. ఆ ఏడాదే యలమందయ్య తండ్రి మంచాన పడ్డాడు. పత్తిచేలో మందు కొట్టడానికి మనిషి కావాల్సొచ్చి కొడుకు బడి మానేశాడు. బాలు మాత్రం డిగ్రీ దాకా వెళ్ళి, ఇప్పుడొక కార్పొరేట్ కాలేజీకి పీఆర్వో అయ్యాడు. ఆ ఉద్యోగానికి పేరే పెద్దది. వేసవి రాగానే ఊళ్ళమ్మట తిరగాలి. మార్కులొచ్చే పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో ఆరా తీయాలి. వాళ్ళ తండ్రుల పక్కన చేరి కబుర్లు చెప్పి ఆ పిల్లల్ని కాలేజీ బస్సెక్కించాలి.

కిందటేడు ఏప్రిల్‌లో యలమందయ్య మిరప కల్లానికి కూడా బాలు అలాగే వచ్చాడు. యలమందయ్య ఎండలో కాయ తిరగేస్తున్నాడు. కూతురు తేజశ్రీ పట్టా మీద కూర్చుని రంగు పోయిన తాలుకాయ ఏరుతోంది. ఊళ్ళో జడ్పీ హైస్కూల్లో అప్పుడే తొమ్మిది పూర్తిచేసింది. క్లాసులో ఫస్టు. సెకండు బాలు కూతురు సాయిలక్ష్మి.

"ఒరేయ్ యలమందా, ఈ పిల్లని ఇంకా ఇక్కడే మురగబెడతావా?" అన్నాడు బాలు, పట్టా అంచున చతికిలబడుతూ.

"ఏమైందిరా దానికి? ఫస్టొస్తోందిగా."

"ఈ బళ్ళో ఫస్టు కూడా ఒక ఫస్టేనా! మా దగ్గర పదిలోనే ఇంటర్ ఫస్టియర్ చెప్పేస్తారు. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ మొత్తం. పది అవగానే డైరెక్టుగా సెకండియర్లో కూర్చుంటది. ఏడాది కలిసొస్తదిరా నీకు."

తేజశ్రీ తలెత్తకుండానే అంది. "నాకు ట్రిపుల్ ఐటీ కావాలి నాన్నా."

ఇంటర్, ఇంజనీరింగ్ కలిపి ఆరేళ్ళు ఒకేచోట చదివే సీటది. పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. సర్కారు బడి పిల్లలకైతే పైన కొన్ని మార్కులు కలుపుతారు. రాజేశ్వరి టీచర్ రెండేళ్ళుగా ఈ పిల్లకు అదే నూరిపోస్తోంది.

"ఆ మార్కులెక్కడికీ పోవమ్మా," అన్నాడు బాలు. "పేరు ఈ బళ్ళోనే ఉంటది. మనిషివి అక్కడుంటావు. అందరూ చేసేదేగా!"

సంచీలోంచి నాలుగు కాగితాలు తీశాడు. అన్నీ ఇంగ్లీషే. "హాస్టల్ కాగితాల్రా. ఇక్కడిక్కడ సంతకాలు పెట్టు."

యలమందయ్య వాటిని పట్టుకుని, చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ చూశాడు. ఏడుతో ఆగినవాడికి ఆ ఇంగ్లీషు ఏం కొరుకుడు పడుతుంది! రెండడుగుల దూరంలో కూతురుంది. చేతికిస్తే చదివి చెప్పేది. కానీ ఒకప్పుడు తన కాగితం చూసి రాసుకున్నవాడి ముందు కూతురిచేత చదివించుకోవడానికి ప్రాణం ఒప్పలేదు.

"ఆఁ, సరేలే," అని తెలిసినవాడిలా తలాడించి, నాలుగింటి మీదా సంతకాలు పెట్టాడు.

జూన్‌లో తేజశ్రీని తాడేపల్లిలో ఆ కాలేజీ హాస్టల్లో దింపివచ్చాడు. ఆదివారం ఆదివారం ఫోను. మొదట్లో పిల్ల హుషారుగానే ఉండేది. వెక్టార్లంట, మాత్రికలంట. యలమందయ్యకు ఆ మాటలు అర్థం కాకపోయినా, పొద్దున్నే అస్లాం టీకొట్టు దగ్గర అవి అప్పజెప్పకుండా ఉండలేకపోయేవాడు.

"పదిలోనే ఇంటర్ చదువుతోందయ్యా మా పిల్ల."

"ఇంకేం, వచ్చే ఏడు నిన్ను కూడా కూర్చోబెట్టి చెబుద్దిలే," అనేవాడు అస్లాం, టీ తిరగబోస్తూ.

దసరా దాటాక ఫోన్లో గొంతు మారింది.

"నాన్నా, ఇక్కడ తెలుగు చెప్పట్లేదు. సోషల్ పుస్తకం ఇంతవరకు తెరవలేదు. అడిగితే ఇన్‌ఛార్జి సారు, అవన్నీ చివర్లో చూసుకోవచ్చు పో అంటున్నాడు."

"తెలుగు మనకి రాకపోవడమేంటే పిచ్చిదానా! పుట్టిన కాడ్నించీ మాట్లాడట్లా?"

"పరీక్షలో మాట్లాడమనరు నాన్నా," అని పెట్టేసింది.

యలమందయ్య బాలుకు ఫోన్ చేశాడు. అంతా సిస్టమ్ ప్రకారం జరుగుతుందన్నాడు బాలు. సిస్టమ్ అంటే ఏమిటో ఇతను అడగలేదు.

పరీక్షలు నలభై రోజులున్నాయనగా తెలుగు, హిందీ, సోషల్‌కు కలిపి మూడు పల్చటి పుస్తకాలు పిల్లల చేతుల్లో పెట్టి బట్టీ కొట్టమన్నారు. లెక్కల్లో తేజశ్రీకి నూటికి నూరు వచ్చాయి. సైన్సులో తొంభై ఎనిమిది. తెలుగులో డెబ్బై ఒకటి, సోషల్లో అరవై ఆరు. హిందీ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది.

"కంగారు పడకురా, కలిపే మార్కులున్నాయిగా," అన్నాడు బాలు.

ట్రిపుల్ ఐటీ జాబితా వచ్చింది. అందులో సాయిలక్ష్మి పేరుంది. తేజశ్రీ పేరు లేదు.

యలమందయ్య తిన్నగా హైస్కూలుకు వెళ్ళాడు. రాజేశ్వరి టీచర్ ఆఫీసు గదిలో ఉంది.

"కలిపే మార్కులు మా పిల్లకి కలపలేదా మేడమ్?"

"మీ అమ్మాయి మా బళ్ళో చదవలేదుగా అండీ."

"పేరు ఇక్కడే ఉందిగా!"

టీచర్ బీరువాలోంచి ఫైలు తీసి, ఒక కాగితం అతని ముందు పెట్టింది. "కిందటేడు జూన్‌లో టీసీ ఇమ్మని మీరిచ్చిన అర్జీ. బాలుగారు తెచ్చిచ్చారు. ఒకసారి ఆలోచించమని మీతో చెప్పమన్నాను. చెప్పారా?"

చెప్పలేదు. కాగితం కింద సంతకం యలమందయ్యదే. చివర గీతతో సహా పొందిగ్గా ఉంది.

"పేరు ఇక్కడుంటే నూటికి నూరు వచ్చిన పిల్ల మా ఫ్లెక్సీ మీదుండేది, వాళ్ళ ఫ్లెక్సీ మీద కాదు," అంది టీచర్. "అసలు ఇక్కడే చదివుంటే ఆ కలిపే మార్కులతో పనే లేదండీ ఆ పిల్లకి."

బాలు ఇంటినిండా చుట్టాలు. స్వీటు డబ్బాలు తెరిచి ఉన్నాయి.

"రారా యలమందా, నోరు తీపిచేసుకో!"

"టీసీ అర్జీ మీద ఎందుకు పెట్టించావురా సంతకం?"

"మెల్లగా మాట్లాడు, అందరూ ఉన్నారు."

"నీ కూతుర్ని ఎందుకు పంపలేదు? నీ కాలేజేగా!"

"దానికంత బుర్రెక్కడిదిరా? నీ పిల్లంటే వేరు..."

"బుర్ర లేనిదానికి సీటొచ్చిందిరా."

బాలు అతని భుజం పట్టుకుని వసారాలోకి నడిపించాడు. "పైనుంచి టార్గెట్లు పెడతారురా. మండలంలో ఫస్టులొచ్చే పిల్లలు పదిమంది కావాలన్నారు. నేనెక్కణ్ణుంచి తేవాలి? ఎందుకు, ఏమిటి అని అడక్కుండా నా మాట వినేవాడివి నువ్వేగా!"

బాలు ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు.

"మరి సెకండియరో?"

"డైరెక్టుగా కుదరదంట. రూల్స్ ఒప్పుకోవు. ఫస్టియర్లోనే కూర్చోవాలి. పోనీలేరా, రివిజన్ అవుద్ది."

యలమందయ్యకు చెయ్యి లేచింది. లేచిన చెయ్యి ముందుకు సాయిలక్ష్మి వచ్చి నిలబడింది.

"మావయ్యా, తేజ ఫస్టియర్ నోట్సులిస్తదా? అక్కడ మాకు అవే మొదలుపెడతారంట. దానంత బాగా ఎవరూ రాయరు."

ఆ పిల్ల కళ్ళల్లో ఏ మర్మమూ లేదు. యలమందయ్య చెయ్యి దించుకుని వచ్చేశాడు.

ఇంటికి వస్తూనే పంచలో నిలబడి అరిచాడు. "దొంగ సంతకం పెట్టాడే వాడు! నా పేరుతో వాడే పెట్టి టీసీ లాగేశాడు. రేపు పొద్దున్నే దర్శి స్టేషన్లో కేసు పెట్టకపోతే చూడు!"

భార్య గురవమ్మ చేతిలో చాట కింద పెట్టేసింది. "వాడి చేతులు పడిపోను! ముందు నుంచీ వాడి చూపే అంత."

"పైగా ఆ పిల్ల నోట్సులడుగుతోంది. పొయ్యిలోనైనా పెడతాను గానీ వాళ్ళకివ్వను."

తేజశ్రీ లోపల్నుంచి వచ్చింది. చేతుల్లో తొమ్మిది నోటు పుస్తకాలున్నాయి, అట్టలు వేసినవి. సాయిలక్ష్మి అప్పటికే ఫోన్ చేసినట్టుంది.

"ఎక్కడికే?" అంది గురవమ్మ. "మనల్ని ముంచినోళ్ళింటికా?"

"సాయిలక్ష్మి ఏం చేసిందమ్మా? దాన్ని వాళ్ళ నాన్న ఎక్కడికీ పంపలేదు. అంతేగా." చెప్పులు వేసుకుంది. "దర్శి కాలేజీలో చేరినా నాకు మళ్ళీ ఇవే పాఠాలు. నాకు నోట్సులెందుకు?"

"కేసు పెడతానన్నానుగా," అన్నాడు యలమందయ్య.

తేజశ్రీ మెట్టు మీద ఆగింది.

"కేసు పెట్టకు నాన్నా, నవ్వుతారు. సంతకం నువ్వే పెట్టావు. నేను పక్కనే ఉన్నాను."

పుస్తకాలు గుండెకు అదుముకుని వీధిలోకి దిగింది. గురవమ్మ మొగుడి మొహంలోకి చూసింది.

"ఏంటయ్యా అది అంటోంది?"

యలమందయ్య బండి తాళం కోసమన్నట్టు జేబులు తడుముకున్నాడు. తాళం చేతిలోనే ఉంది.