మరిది పనికి మనిషి కావాలి

ఇళ్లకు వెళ్లి రోగులకు సేవచేసే నర్సుల సంస్థ అది. నడిపేది వదిన. ఆమె కూడా ఒకప్పుడు నర్సే. ఏ నర్సు ఏ ఇంటికి వెళ్లాలి, ఎవరికి కట్టు మార్చాలి, ఎవరికి ఇంజెక్షన్ వెయ్యాలి, ఇదంతా నర్సుల ఫోన్లకు చేరవేసే సాఫ్ట్‌వేర్ రాసింది ఆమె మరిది. రాసిందీ అతనే, చెడితే బాగుచేసేదీ అతనే. దాని గుట్టుమట్లన్నీ అతని తలలోనే ఉండేవి.

చలికాలం మొదట్లో అతనికి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది. కాలు కాస్త ఈడుస్తూ నడుస్తున్నాడు. కుడిచెయ్యి మాత్రం లేవడం లేదు, మాట పోయింది. పూర్తిగా పోయిందనడానికీ లేదు. అవును, కాదు అనగలడు. మిగతావి నోటిదాకా వచ్చి తారుమారవుతాయి. మంచినీళ్లు కావాలంటే "కిటికీ" అంటాడు. అన్నది తప్పని అతనికే తెలుస్తుంది. అన్నిటికన్నా అదే అతన్ని కుంగదీసేది.

కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్ తనంతట తానే నడిచింది. తర్వాత ఒకరోజు ఇద్దరు నర్సులు ఒకే ఇంటి గుమ్మంలో ఎదురుపడ్డారు. ఊరి అవతల ఒక ముసలాయన మాత్రం తడిసిన కట్టుతో మధ్యాహ్నం దాకా ఎదురుచూశాడు. వదిన పరుగున వెళ్లి తానే కట్టు మార్చింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదనుకుంటూ తిరిగొచ్చింది.

ఇక మీనమేషాలు లెక్కపెట్టే వేళ కాదని, ఇంటి దగ్గర్నుంచే పనిచేసే ప్రోగ్రామర్లను కుదిర్చే సైట్ల కోసం ఇంటర్నెట్‌లో వెతికింది. మొదటి సైట్‌లో ప్రకటన పెట్టిందో లేదో, టీ చల్లారేలోపే దరఖాస్తులు వరదలా వచ్చిపడ్డాయి. అందరిదీ ఒకే పాట: మీ పనికి నాకన్నా తగినవాడు లేడు. ఒకతనైతే, మీ హోటల్ బుకింగులు నేను చూసుకుంటానని రాశాడు.

రెండో సైట్ వాళ్లు అలా కాదు. జల్లెడపట్టి ఒక్కరినే పంపుతాం, నచ్చకపోతే వెంటనే మరొకరిని ఇస్తాం అన్నారు. వాళ్లు పంపిన యువకుడు చురుకైనవాడు. వీడియోలో కోడ్ చూసి మర్యాదగానే చెప్పాడు.

"పాత పద్ధతండీ ఇది. తీసేసి కొత్తగా రాసేద్దాం. రాసినాయనతో నాకు పనుండదు."

వదిన తలూపింది. వీడియో ఆపి తిరిగేసరికి గుమ్మంలో మరిది భార్య, తన తోటికోడలు నిలబడి ఉంది.

"ఎవరక్కా అతను?"

వదిన చెప్పింది.

"అంటే ఈయన ఇంక కోలుకోరని తేల్చేసుకున్నావా?"

"తేల్చుకోలేదే. రోగులు ఆగరు కదా."

"ఆగరు. నేనూ ఆపమనడం లేదు. కానీ బతికున్న మనిషి కుర్చీకి చాటుగా ఇంకొకర్ని వెతుకుతారా?"

వదిన లాప్‌టాప్ మూసేసింది. రోగికి చెప్పకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దని ఎన్ని కుటుంబాలకు బోధించిందో ఆమెకే తెలుసు.

మర్నాడు పొద్దున లాప్‌టాప్ పట్టుకుని మరిది గదిలోకి వెళ్లింది. దాచకుండా అంతా చెప్పింది. అతను గోడవైపు తిరిగిపోయాడు. ఆమె లేవలేదు. ముసలాయన కట్టు సంగతి చెప్పింది. అప్పుడు అతను ఇటు తిరిగి, లాప్‌టాప్ దగ్గరకు జరపమన్నట్టు ఎడమచెయ్యి చాచాడు.

హోటల్ దరఖాస్తు చూసి నవ్వాడు. జబ్బు చేశాక అతను నవ్వడం ఆమె చూడలేదు. రెండో సైట్ గురించి చెబుతుండగానే "కాదు" అన్నాడు. మూడోది చిన్న సైట్. అక్కడ కుదుర్చుకునే ముందు ఒకరోజు కలిసి పనిచేసి చూసుకోవచ్చు. కానీ మనుషులు తక్కువ, హామీలేవీ లేవు. అతని వేలు దాని మీద ఆగింది.

"ఇక్కడివాళ్లు మధ్యలో వదిలేసి పోతే అడిగే దిక్కుండదయ్యా."

"అవును."

"అయినా ఇదేనా?"

"అవును."

వదిన మనసు రెండోదాని వైపే లాగుతోంది. అయినా మరిది మాటే చెల్లనిచ్చింది. ప్రకటనలో ఉన్నదున్నట్టు రాసింది: "ఇది రాసిన వ్యక్తి ఉన్నాడు. మాట్లాడలేడు. అతనితో కలిసి పనిచెయ్యాలి. ఓపిక లేనివాళ్లు రాయవద్దు."

ఇద్దరే రాశారు. మొదటతను వీడియోలో మరిదికి చెవుడన్నట్టు గట్టిగా అరుస్తూ, జవాబుల కోసం వదిన వైపు చూశాడు. రెండో మనిషి ఒక అమ్మాయి.

"సార్, మీ కోడ్ నాకు సగమే అర్థమైంది" అంది. "అవునా కాదా అన్నట్టే అడుగుతాను. సరేనా?"

"అవును."

అడగడం మొదలుపెట్టింది. మరిది ఎడమచేత్తో మౌస్ కదిపి చూపించేవాడు. ఒకచోట ఏదో చెప్పబోయి "మెట్లు, మెట్లు" అన్నాడు. ఆ అమ్మాయి మాట అందించలేదు, ఊరుకుని ఎదురుచూసింది. ఇంకోచోట ఆమె ఊహ తప్పింది. "కాదు, కాదు" అంటూ బల్లమీద కొట్టాడు. ఈ పిల్ల కూడా వెళ్లిపోతుందనుకుంది వదిన.

"సరే, కాదు" అంది అమ్మాయి. "వెనక్కి వెళ్దాం."

సాయంత్రానికి లోపం దొరికింది. సిగ్నల్ పోయిన ఫోన్ మళ్లీ కలిసినప్పుడు, పాత వివరాలనే కొత్తవన్నట్టు పంపుతోంది. ఒకే ఇంటికి ఇద్దరు నర్సులు వెళ్లింది అందుకే.

"మళ్లీ వస్తావా అమ్మా?" అని అడిగింది వదిన.

"సార్ ఒప్పుకుంటే వస్తానండీ. మిగతా సగం ఇంకా తెలుసుకోవాలి."

అన్నీ ఒక్కసారిగా చక్కబడలేదు. చాలా వారాలు తోటికోడలు పొద్దున్నే నర్సులందరికీ ఫోన్లు చేసి, ఎవరు ఎక్కడికో సరిచూసేది. మరిదికి మాటలు కొన్నే తిరిగొచ్చాయి. కుడిచెయ్యి అలాగే ఉండిపోయింది. కానీ ఉదయాన్నే తనంతట తానే గడ్డం గీసుకుని, అమ్మాయి వీడియోలోకి వచ్చేలోపే బల్ల దగ్గర కూర్చునేవాడు.

ఎండలు ముదిరిన ఒకరోజు మరిది గదిలోంచి పెద్దగా గొంతులు వినిపించాయి. తోటికోడలు తలుపు దాకా వెళ్లి, లోపలికి అడుగుపెట్టకుండానే వెనక్కి వచ్చింది.

"ఏమయింది?" అంది వదిన.

"ఆ అమ్మాయీ ఈయనా దేనికో వాదించుకుంటున్నారక్కా."

"నువ్వు సర్దిచెప్పలేకపోయావా?"

"ఎందుకు?" అంటూ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది తోటికోడలు. "కానియ్యి."