చెవిలో చెప్పిన పేరు

పేరు పెట్టేది ఇరవయ్యొకటో రోజున కదా, ఇంకా వ్యవధి ఉందనుకున్నాడు సీతారామయ్య. ఆయన మనసులో ఉన్నది భార్య పేరే. బాలమణి పోయి రెండేళ్లయింది. కూతురు జయంతికి ఆడపిల్ల పుట్టిందని తెలిసినప్పటినుంచీ ఆ మాట అడగాలనుకుంటూ, అడగకుండానే ఎనభై ఆరు వేసవిలో అమెరికాలో వాళ్లుండే ప్లెయిన్స్‌బరో చేరాడు. అడిగి పెట్టించుకోవడం ఆయనకు చేతకాదు. వాళ్లకే తోచాలి.

బారసాల పొద్దున అల్లుడు దామోదర్ పళ్లెంలో బియ్యం పరిచి, పేరు రాయడానికి వేలి ఉంగరం తీశాడు.

"పేరు కైలాని, మామయ్యగారూ. ఆస్పత్రిలో రెండో రోజే ఫారం ఫిల్ చేసేశాం. బర్త్ సర్టిఫికెట్‌కి అప్పుడే అడుగుతారిక్కడ."

"అది ఏ దేవత పేరు?"

"దేవత కాదు నాన్నా," జయంతి నవ్వింది. "హవాయి పేరు. కై అంటే సముద్రం, లాని అంటే ఆకాశం. మేం హనీమూన్‌కి వెళ్లింది అక్కడికే కదా."

"అక్కడి ముసలమ్మల పేరా?"

"కాదు. మాటలు పాతవే. రెండూ కలిపి ఈమధ్య పిల్లలకి పెడుతున్నారట."

"అయితే దానికీ ముందూ వెనకా ఎవరూ లేరన్నమాట."

జయంతి ముఖంలో నవ్వు పోయింది.

"అమ్మ పేరు అనుకున్నావు కదూ?"

"నేనేమీ అనుకోలేదు."

"నేను అనుకున్నా. కానీ రేపు ఇది అల్లరి చేస్తే, అమ్మ పేరు పెట్టి ఎలా తిట్టను?"

"ఏం, మీ అమ్మ తిట్లు పడలేదా?"

"పడింది. నీ దగ్గర. అది చాలు."

జయంతి పిల్లను తెచ్చి ఆయన ఒళ్లో పడుకోబెట్టింది.

"చెవిలో నువ్వే చెప్పు, మూడుసార్లు. ఏం చెప్పినా మాకు వినపడదులే."

ముప్పయ్యొక్కేళ్ల కాపురంలో ఆయన భార్యను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఒసే, ఏమే, అంతే. ఆ పేరుతో పిలిచింది ఆమె అన్నదమ్ములు. ఆమె పోయాక ఆ పేరు పలికేవాళ్లే లేరు. మనవరాలికి పెడితే రోజుకు పదిసార్లు తన నోటితో పిలవొచ్చని, పక్క గదిలోంచి ఎవరో "ఆఁ" అంటారని ఆశపడ్డాడు. ఒకరికి చెప్పుకునే ఆశ కాదది.

చిన్న చెవి. పాలవాసన. వంగి, "బాలమణీ" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. పిల్ల కళ్లు తెరవలేదు. రెండోసారి అనకుండానే తలెత్తాడు.

"మూడుసార్లు నాన్నా," అంది జయంతి.

"మిగతా రెండూ మీ సముద్రం పేరు చెప్పుకోండి" అని, పిల్లను ఆమె చేతుల్లో పెట్టేశాడు.