వాసన లేని లిక్విడ్

“గులాబీ వాసనది తీసుకురా. వాసనే రాకపోతే కార్పెట్ కడిగామని అమ్మకెలా తెలుస్తుంది?” నేను చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన అన్న మాట ఇది. కడిగామట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అత్తగారు సాయంత్రం ఐదింటికి దిగుతారు. షాపులో అల్మరా ముందు నిలబడేసరికి పదిన్నర. కడిగిన కార్పెట్ ఆరడానికి ఆరు గంటలు పడుతుంది. అయినా ఒక్కో సీసా తిప్పి వెనకున్న చిన్న అక్షరాలు చదువుతున్నాను. కార్పెట్ కడిగే మిషన్ నా పుట్టినరోజుకి ఆయనిచ్చిన కానుక. “నీ నడుంనొప్పి చూడలేక కొన్నాను” అన్నారు. కానుక నడుముకి, చాకిరీ నాకు. పోయిన నెల ఆయనే ముచ్చటపడి గులాబీ లిక్విడ్ రెండు మూతలకి బదులు నాలుగు పోశారు, ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమవుతుందని. మిషన్ నిండా నురగే. ఎన్నిసార్లు నీళ్ళు పెట్టినా వదల్లేదు, ఆరాక కార్పెట్ బంకబంకగా తయారైంది. ఆ వాసనకి నాకు ఊపిరాడక బయట మెట్ల మీద నోరు తెరుచుకుని కూర్చున్నాను. “ఇలాంటివి ఇంట్లోకి రానివ్వకమ్మా, మళ్ళీ ఇంత దూరం వస్తే ప్రమాదం” అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ, ఆయన ముందే. “డాక్టర్లన్నాక భయపెడతారు” అన్నారు ఆయన ఇంటికొచ్చే దారిలో. ఆ వారమే వచ్చిన అత్తగారు కాలితో నొక్కి చూసి, “కార్పెట్ మీద నడుస్తున్నానా, జిగురు మీదా?” అన్నారు. పోసిన మనిషి పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. అది మాత్రం నేను మరిచిపోలేను.

“ఇది చూడండి మేడమ్, నురగ తక్కువ, వాసన అసలుండదు” అంది షాపులో అమ్మాయి. “ఎవరూ కొనరు గానీ మంచిది.”

“మీ ఇంట్లో ఇదే వాడతారా?”

“మా ఇంట్లో కార్పెట్ ఎక్కడిది మేడమ్?”

ఆ సీసానే తీసుకున్నాను.

ఇంటికొచ్చి తలుపు తీయగానే గుప్పుమంది గులాబీ. హాలు మధ్యలో మిషన్, పక్కన ఖాళీ సీసా. మా ఆయన మొహం వెలిగిపోతోంది. “వెనక గదిలో పాతది దొరికింది. మొత్తం కలిపేసి ఒక మూల మొదలుపెట్టాను కూడా. ఇక తోయడమే నీ పని.”

కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి, గడప అవతలికి వచ్చేశాను.

“డాక్టరమ్మ చెప్పింది మీరూ విన్నారు కదండీ.”

“ఒక్కరోజుకి ఏమవుతుంది? అమ్మ వచ్చేలోపు ఆరాలి. సాగదీయకు.”

ఒక్కరోజుకి ఏమవుతుందో నా ఛాతీకి తెలుసు. ఆయనకి కోపం వస్తుందేమోనని ఇన్నేళ్ళు భయపడ్డాను. ఈసారి చచ్చిపోతానేమోనన్న భయం దాన్ని మించిపోయింది. తలుపు బయటినుంచి దగ్గరగా వేసి, మెట్లు దిగి వీధిలోకి వచ్చి, గాలి నిండా పీల్చుకుని అత్తగారికి ఫోన్ చేశాను.

“అత్తయ్యా, ఇవాళ కార్పెట్ మీ అబ్బాయే కడుగుతున్నారు. ఆ వాసన పోయేదాకా నేను ఇంట్లోకి వెళ్ళను. మీరు వచ్చేసరికి నేను లేకపోతే కంగారు పడకండి.”

“వాడికేం వచ్చు ఆ పని? వాడికెవరు నేర్పారు?” అన్నారు.

“నాకూ ఎవరూ నేర్పలేదు అత్తయ్యా” అన్నాను.