బొటనవేలి మేర

మా పెళ్ళికి ఇంకా ఏడాది నిండలేదు. ఇప్పటికీ ఎవరైనా "ఆనంద్ వాళ్ళావిడ" అంటే ఎవరా అని పక్కకి చూసి, అది నేనేనని గుర్తొచ్చి నవ్వుకుంటాను. బందరు ఉప్పుగాలికి సాయంత్రమయ్యేసరికి జుట్టంతా జిడ్డు దేరుతుంది. అదీ నాకు బాగానే ఉంటుంది.

మా మావయ్యగారు భీమేశ్వరరావుగారిది కవరింగ్ నగల వ్యాపారం. అత్తయ్యగారి పేరు కనకరత్నం. "మా ఇంట్లో అసలు బంగారం ఆవిడ పేరులోనే ఉందమ్మాయ్, మిగతాదంతా పూతే" అన్నారాయన పెళ్ళిచూపుల్లో. నేను ఫక్కున నవ్వేశాను. పెళ్ళికూతురు అలా నవ్వకూడదట, మా అమ్మ తర్వాత తిట్టింది.

అప్పటికే ఆయన మాట కాస్త ముద్దగా వచ్చేది. నరాల జబ్బు. బుర్ర చివరిదాకా చక్కగా ఉంటుందనీ, ఒళ్ళే ఒక్కొక్క భాగంగా మాట వినడం మానేస్తుందనీ డాక్టర్లు చెప్పారు. నేను కాపురానికి వచ్చేసరికి కాళ్ళు మానేశాయి. ఎడమచెయ్యి మానేసింది. కుడిచేతిలో బొటనవేలు ఒక్కటే ఆయన మాట వినేది.

ఆయన కోసమని మా వారు హాల్లో పెద్ద టీవీ, గది మూలల్లో స్పీకర్లు పెట్టించారు. దాంతో టీవీకొక రిమోటు, స్పీకర్లకొకటి, డీవీడీకొకటి. మావయ్యగారికి వాటిలో ఒక్కటీ చేతికి లొంగేది కాదు. వార్తలు మార్చాలన్నా ఎవరినో పిలిచి, వాళ్ళు వచ్చేదాకా చూసి, చెప్పింది వాళ్ళకి అర్థమయ్యేదాకా ఓపిక పట్టాలి. అన్నం తినిపించడానికి ఒప్పుకున్నారు, స్నానం చేయించడానికి ఒప్పుకున్నారు. టీవీ దగ్గర మాత్రం ముఖం మాడ్చుకునేవారు. పిలిచి పిలిచి, చివరికి పిలవడమే మానేశారు.

అప్పుడు మా వారు చెన్నై నుంచి ఇంకో రిమోటు తెప్పించారు. దాని మీద బటన్లే లేవు! అరచేయంత అద్దం, అంతే. కంప్యూటర్లో మనకి కావలసిన బటన్లు బొమ్మలుగా గీసుకుని, వైరు తగిలించి అందులోకి ఎక్కించుకోవాలి. అద్దం మీద వాటిని నొక్కితే పనిచేస్తాయి. ఒక్క నొక్కుకి నాలుగు పనులు కూడా చేయించవచ్చు. ఆ పెట్టె తెరిచిన రోజు నేను గంతులేశాను. కాలేజీ కంప్యూటర్ ల్యాబులో తెర మీది ఖాళీ ఫారంలో బటన్లు పేర్చడమే నాకు తెలిసిన విద్య. అది కాపురంలో ఇలా పనికొస్తుందని ఎవరనుకున్నారు?

కానీ ఏ బటను ఎక్కడ పెట్టాలి? ఆయన వేలు ఎంత దూరం వెళ్తుందో ముందు తెలియాలి. షాపులోంచి స్టాంపు ప్యాడు తెప్పించి, రిమోటుకి తెల్లకాగితం చుట్టి ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలికి సిరా అద్దాను.

"ఏమిటే కనకం, కోడలు వచ్చిన నెలకే వేలిముద్రలు వేయించుకుంటోంది? ఇల్లు రాయించుకుంటుందేమో చూడు" అన్నారు మావయ్యగారు.

"ఇల్లెందుకండీ, రిమోటు చాలు నాకు" అన్నాను.

"రాసెయ్యండి, పీడా పోతుంది. రోజూ ఆ టీవీతో వేగలేక చస్తున్నాను" అన్నారు అత్తయ్యగారు.

వేలు అటూ ఇటూ కదిపితే కాగితం మీద నీలంగా ఒక వంపు పడింది, అచ్చం ఇంద్రధనుస్సులా. బటన్లన్నీ ఆ వంపు వెంబడే పేర్చాను. రిమోటుకి తెలుగు రాదు కాబట్టి అక్షరాలని కూడా బొమ్మలుగా గీశాను. వార్తలు, పద్యాలు, క్రికెట్, సౌండు పెంచు, తగ్గించు, ఆపు. చివర చిలకాకుపచ్చ రంగులో అత్తయ్యగారి సీరియల్. "పద్యాలు" నొక్కితే టీవీ దానంతటదే వెలిగి, డీవీడీ తిరిగి, ఆయనకిష్టమైన పాత నాటకాల పద్యాలు నాలుగు మూలల నుంచీ వినిపించేవి. మొదటిసారి నొక్కినప్పుడు ఆయన ఇంట్లో అందరి ముఖాలూ వరసగా చూశారు. "చూశారా, నేనే పెట్టాను" అన్నట్టు. ఆ సాయంత్రమంతా పెట్టారు, తీశారు, పెట్టారు. ఇరుగుపొరుగుకి ఆ పద్యాలు కంఠతా వచ్చి ఉంటాయి.

తర్వాత అప్పుడప్పుడూ మళ్ళీ సిరా అద్ది చూసేదాన్ని. వంపు ప్రతిసారీ కురచ అయ్యేది. అందని బటన్లు తీసెయ్యాలి. ఏది తియ్యాలో నేను చెప్పేదాన్ని కాదు, ఆయన్నే అడిగేదాన్ని.

"క్రికెట్ తీసెయ్యమ్మాయ్. ఎలాగూ ఓడిపోతారు" అన్నారొకసారి.

ఇంకోసారి సౌండు బటన్లు రెండూ తీసెయ్యమన్నారు. "మీ అత్తయ్య గొంతుకి మించి పెంచలేం, తగ్గించనూ లేం." అప్పటికి ఆయన మాట అత్తయ్యగారికి ఒక్కరికే తెలిసేది. తన మీద వేసిన జోకుని తనే విని, తనే నాకు చెప్పి, తనే మూతి తిప్పుకోవాల్సి వచ్చింది పాపం. నేను నవ్వాను. నవ్వుతూనే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి ఆ బటన్లు చెరిపి, కాసేపు అక్కడే కూర్చున్నాను.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్తకోడలూ అత్తగారూ ఒక గడప దాటకూడదు కదా. నన్ను గుడ్లవల్లేరులో మా పుట్టింటికి పంపేశారు. "ఇంకో వారం చూసి వెళ్తానండీ, రిమోటు మళ్ళీ సరిచెయ్యాలి" అంటే అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "ఇంట్లో ఒక కీడు చాలమ్మా. ఇంకోటి పిలవొద్దు" అన్నారు. నేను పెట్టె సర్దుకున్నాను.

మా వారు ఫోన్లో నేను చెప్పినట్టు బటన్లు మార్చబోయి, ఉన్న నాలుగింటిలో ఒకటి చెరిపేశారు. వార్తలు, పద్యాలు, సీరియల్ మిగిలాయట. ఆషాఢంలో అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు కాబట్టి, సరుకు ఇచ్చే వంకతో గుడివాడ వచ్చారు. నేను టైలరు దగ్గరికని చెప్పి బస్సెక్కాను. బేకరీలో ఎదురెదురుగా కూర్చుని, దొంగల్లా ఎగ్ పఫ్ తిన్నాం. పెళ్ళయిన మొగుణ్ణి చాటుగా కలుసుకోవడంలో ఎంత మజా ఉందో!

"మావయ్యగారు ఎలా ఉన్నారండీ?"

"నొక్కడం మానేశారే" అన్నారాయన, పఫ్ పొరలు టేబుల్ మీద నుంచి దులుపుతూ. "అమ్మే పొద్దున్న టీవీ పెట్టేస్తోంది. పడుకునేదాకా నడుస్తూనే ఉంటుంది. నిశ్శబ్దంగా ఉంటే ఆయనకి దిగులొస్తుందని అమ్మ భయం."

"వేలు అందడం లేదా?"

"ఏమో. అడిగితే కళ్ళు మూసుకుంటారు."

తిరుగు బస్సులో పంటకాలవ పక్కన నారుమళ్ళు పచ్చగా వెళ్ళిపోతుంటే నాకు ఒకటే ఆలోచన. అద్దం నిండా ఒకే బటను పెడతాను. ఎక్కడ నొక్కినా పద్యాలే రావాలి. వేలు కదపక్కర్లేదు, ఉన్నచోటే నొక్కితే చాలు. ఆ ఊహకే నాకు సంబరం వేసింది.

శ్రావణం రాగానే బందరు వెళ్ళాను. వీధిలోకే టీవీ హోరు వినిపించింది. ఏదో సబ్బుల ప్రకటన. హాల్లో మావయ్యగారు దిండ్లకి ఆనుకుని ఉన్నారు. సగానికి సగం అయిపోయారు. నన్ను చూసి కనుబొమలు పైకెత్తారు. "అవును" అనడానికీ, "వచ్చావా" అనడానికీ ఇప్పుడు అదే.

సిరా అద్దాను. ఈసారి వంపు పడలేదు. ఒక చుక్క పడింది, అంతే.

గబగబా వెళ్ళి పెద్ద బటను గీసి ఎక్కించుకొచ్చాను. ఎర్రగా, అద్దమంతా "పద్యాలు". చేతిలో పెట్టి, "నొక్కండి మావయ్యగారూ, ఎక్కడైనా సరే" అన్నాను.

ఆయన నొక్కలేదు.

"అందడం లేదేమోనే" అన్నారు అత్తయ్యగారు.

"అందక్కర్లేదండీ, వేలు దాని మీదే ఉంది. మావయ్యగారూ, పద్యాలు వద్దా? వార్తలా?"

కనుబొమలు కదల్లేదు.

"సీరియల్ పెట్టమంటున్నారేమో" అన్నారు అత్తయ్యగారు. "నాతోపాటు చూసి చూసి అలవాటైంది ఆయనకి."

మావయ్యగారు టీవీ వైపు చూశారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచి మళ్ళీ టీవీ వైపు చూశారు. గట్టిగా, నొసలు ముడతలు పడేలా కళ్ళు మూసుకున్నారు. సబ్బుల పాట అయిపోయి నూనెల పాట మొదలైంది.

"ఆపాలా, మావయ్యగారూ?"

కనుబొమలు పైకి లేచాయి. అలాగే ఉండిపోయాయి, నేను చూడలేదేమో అన్నట్టు.

అత్తయ్యగారు మంచం పట్టెమీద కూర్చుండిపోయారు. "పొద్దున్నుంచీ... ఇన్నాళ్ళూ... తోడుగా ఉంటుందనే కదండీ పెట్టాను!" ఆవిడ ఆయన్ని ఎప్పుడూ తిట్టే గొంతుతోనే మొదలుపెట్టారు. అది మధ్యలో ఎటో వెళ్ళిపోయింది.

ఎర్ర బటను చెరిపేశాను. అద్దం నిండా తెల్లగా, మధ్యలో ఒకే మాట గీశాను: ఆపు.

చేతిలో పెట్టీ పెట్టగానే నొక్కారు. టీవీ ఆరిపోయింది. ఇల్లంతా ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. దొడ్లో కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడు, వీధిలో ఎవరిదో సైకిల్ బెల్లు. మావయ్యగారు కళ్ళు మూసుకుని వాటిని వింటూ ఉండిపోయారు. నేను వంటింట్లో గిన్నె కూడా మెల్లగా దించాను.

తర్వాత అదొక ఆటయింది. సాయంత్రం అత్తయ్యగారు తన సీరియల్ పెట్టుకునేవారు, టీవీ మీదున్న మీటలు నొక్కి. మావయ్యగారు సరిగ్గా అసలైన చోటుకి వచ్చేదాకా ఆగి ఆపేసేవారు.

"ఏవండీ! ఆ పిల్ల విషం గ్లాసు నోటిదాకా తెచ్చుకుందండీ! తాగిందో లేదో తెలియొద్దా?"

ఆయన కళ్ళు నవ్వేవి. ఆవిడ మళ్ళీ పెట్టేవారు. ఆయన మళ్ళీ ఆపేవారు. "ముప్ఫయ్యేళ్ళ నుంచీ నన్నొక్క మాట పూర్తిగా చెప్పనివ్వలేదు, ఇప్పుడు దీన్నీ చెప్పనివ్వరు" అని ఆవిడ నాతో ఫిర్యాదు చేసేవారు. ఆవిడ సౌండు కావాలనే పెంచి పెట్టేవారని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

దసరా సెలవులకి వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు, అత్తయ్యగారు ఎప్పటిలాగే రిమోటు ఆయన చేతిలో అమర్చి, వేలు అద్దం మీద పెట్టి, సీరియల్ పెట్టి కూర్చున్నారు. నేను పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. సీరియల్లో ఆ పిల్ల ఆస్పత్రిలో కళ్ళు తెరిచింది. నేను మావయ్యగారి వైపు చూశాను, ఇప్పుడు ఆపేస్తారని. అందరూ ఏడ్చారు. టీవీ ఆగలేదు. సీరియల్ అయిపోయింది, పేర్లు పడ్డాయి, ఇంకో సీరియల్ పాట మొదలైంది.

ఆయన వేలు అద్దం మీదే ఉంది. ఆయన దాని వైపే చూస్తున్నారు, ఎవరో పరాయి మనిషి వేలిని చూసినట్టు. తర్వాత టీవీ వైపు చూసి, కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

నేను లేవబోయాను. అత్తయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆవిడే లేచి, ఏదో వస్తువు వెతుక్కుంటున్నట్టు టీవీ స్టాండు పక్కకి వెళ్ళి, వెనకనుంచి గోడ స్విచ్ కట్టేశారు. టీవీ ఆరిపోయింది. చప్పున ఇటు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"చూశావటే లహరీ! మళ్ళీ ఆపేశారు! కొత్త సీరియల్ పాటైనా విననివ్వరు ఈ మనిషి!"

మావయ్యగారు కళ్ళు తెరిచి ఆవిడ వైపు చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత కనుబొమలు మెల్లగా పైకెత్తారు, అవును నేనే ఆపాను అన్నట్టు.

"అంతే లెండి, మీకేం. నా బాధ మీకెప్పుడు పట్టింది కనక" అని అత్తయ్యగారు తిడుతూనే ఉన్నారు. తిడుతూనే మంచం దగ్గరికొచ్చి, ఆయన చేతిలోంచి రిమోటు తీసి, ఆ వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి తన అరచేతిలో పెట్టుకున్నారు. ఆవిడ గొంతు తగ్గలేదు, తిట్టినవే మళ్ళీ మళ్ళీ తిడుతున్నారు. నేను చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకుండానే స్టవ్ వెలిగించి నిలబడ్డాను.