ట్రాక్ గొంతు

“గా పాటల ఊపిర్ల చప్పుడంత తీసెయ్ మల్లికా, ఇనేటోళ్లకు గలీజుగుంటది,” అన్నాడు దివాకర్, తిన్న పళ్లెం ఆమె చేతికిస్తూ.

నల్గొండలో వాళ్లింటి ముందుగదే స్టూడియో. యూట్యూబులో దివాకర్ పెట్టే జానపదాలకు మంచి పేరు. ఆ పాటల నునుపంతా మల్లిక వేళ్లదని ఆ ఇంట్లో ముగ్గురికే తెలుసు. కంప్యూటర్లో గొంతును చెక్కే పనిముట్లు, ప్లగిన్లన్నీ ఆమె చూసి, విని నేర్చుకున్నవే. ఒకటి తప్పిన శ్రుతిని సరిచేస్తుంది, ఒకటి ‘స’ పలికినప్పుడు వచ్చే ఈలను అణుస్తుంది, ఒకటి ఇరుకు గదిలో పాడిన గొంతుకు గుడి మండపమంత జాగా ఇస్తుంది. ఏది ఎంత వేయాలో ఆమె చెవికే తెలుసు. అన్నం వార్చి ఒక చరణం, బట్టలారేసి ఇంకో చరణం. వచ్చినవాళ్లు మెచ్చుకుంటే దివాకర్ నవ్వేవాడు. “మా ఇంటామె గూడ జర బటన్లు నొక్కుతది, టైంపాస్‌కు.” ఆ మాట వినబడ్డప్పుడల్లా ఆమె వాళ్లకు టీ అందిస్తూ ఉండేది.

ట్రాక్ పాడేదీ ఆమే. గాయనికి బాణీ తెలియడానికి ముందు ఎవరో ఒకరు పాడి ఉంచాలి. అసలు గొంతు రాగానే దాన్ని తుడిచేస్తారు. కాలేజీలో బహుమతులు తెచ్చిన గొంతు ఆరేళ్లుగా అలా తుడుచుకుపోతూనే ఉంది. “ఇంటి కోడలి గొంతు ఊరంత ఇనాల్నా? నలుగురిల నేను తలెత్తుకోవద్దా?” అని పెళ్లైన కొత్తలోనే అత్త నర్సింగమ్మ తేల్చేసింది. దివాకర్ తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు.

ఈసారి నాట్ల పాట. పాడడానికొచ్చిన రమకు గొంతు పట్టేసి రెండో చరణం పలకనేలేదు. విడుదల రేపే.

“నీ ట్రాకే ఉంచుదాం,” అన్నాడు దివాకర్. “గా ప్లగిన్ తోని జర సన్నం జేసి రమ గొంతు లెక్క మార్చు. పేరెట్లాగు రమదే. ఎవలు గుర్తువడ్తరు?”

మల్లిక హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. తెర మీది మీట జరిపినకొద్దీ తన గొంతు పల్చబడింది, పదేళ్లు చిన్నదైంది, ఇంకెవరిదో అయింది. తుడిచేసినప్పుడు బాధపడలేదు, అది పనిలో పద్ధతి. ఇదేమిటి? ఊరు వింటే పరువు పోయే గొంతు, పేరు మార్చగానే ఊరంతా వినడానికి పనికొచ్చింది. అంటే లోపం గొంతులో లేదు, అది తనదవడంలో ఉంది. పైగా ఆనవాళ్లు చెరిపే పని కూడా తనకే అప్పజెప్పారు, కూరగాయలు తరగమన్నంత తేలిగ్గా.

రమకు ఫోన్ చేసి అంతా చెప్పింది.

“వద్దక్కా,” అంది రమ బొంగురుగా. “రేపు స్టేజి మీద గదే చరణం పాడుమంటే నేనేడికెల్లి తేవాలె? ఇద్దరి పేర్లు ఎయ్యి.”

మల్లిక మీటను మొదటి చోటికి తెచ్చింది. దివాకర్ వచ్చి విన్నాడు. “గిదేంది, నీ గొంతే ఉంది?”

“నాదే. రెండు పేర్లేస్తేనే పాట పూర్తి జేస్త. లేకుంటే నువ్వే కూసొని చెయ్యి.”

దివాకర్ కూర్చున్నాడు. తెర మీద వరసగా ప్లగిన్లు. ఏది తెరవాలో తెలియక మౌస్ అటూ ఇటూ తిప్పాడు. చివరికి మౌస్ వదిలేసి, “అమ్మకేం జెప్పాలె?” అన్నాడు.

“నువ్వేం జెప్పకు,” అని ఆమె లోపలికి నడిచింది.

“అత్తమ్మా, రేపు పాట వస్తది. రెండో చరణం పాడింది నేనే.”