పెరుగు పక్కన ట్రౌట్ గుడ్లు

అమెరికా వచ్చి బాతెల్ ఊరి బడిలో చేరి నాలుగు నెలలైనా తరగతిలో నేను నోరు తెరవలేదు. 2015 జనవరిలో సైన్సు టీచర్ మిస్ బ్రెనన్ ట్రౌట్ చేప గుడ్లు ఇంటికి ఎవరు తీసుకెళతారని అడిగినప్పుడు నా చెయ్యి ఎలా లేచిందో నాకే తెలియదు. రెండు సీసాలు, ఒక్కోదానిలో పది గుడ్లు. ఫ్రిజ్‌లో ఉంచాలి, రోజూ చల్లని నీళ్లు మార్చాలి, పిల్లలు బయటికొచ్చాక బడి తొట్టెకి తేవాలి. ప్రతి గుడ్డులోనూ రెండు నల్లటి కళ్లు నన్నే చూస్తున్నాయి.

వారమైనా ఒక్కటీ కదల్లేదు. కైకలూరులో మా తాతయ్య పనిచేసిన చేపపిల్లల హేచరీలో శీలావతి చేపలు సాయంత్రం గుడ్లు పెడితే మర్నాటికల్లా పిల్లలయ్యేవి. అక్కడి నీళ్లు గోరువెచ్చగా ఉండేవి. పాపం, వీటికి చలేస్తోందనుకున్నాను.

చలికాలంలో అమ్మ పాలు తోడు పెట్టి, గిన్నెను ఓవెన్‌లో ఉంచి, లోపలి లైటు మాత్రం వేస్తుంది. ఆ వెచ్చదనానికి పెరుగు గట్టిగా తోడుకుంటుంది. ఒక సీసాను ఆ గిన్నె పక్కన పెట్టి, డైరీలో టైము వేసుకుని పడుకున్నాను.

పొద్దున్నే అమ్మ లేపింది. "ఏమే లేఖా, నా పెరుగు పక్కన చేప గుడ్లేంటే? మజ్జిగ పులుసులో ముళ్లేరుకోవాలా?"

పదీ పాలచుక్కల్లా తెల్లబడిపోయాయి. చచ్చిపోయాయి.

"టీచర్‌కి నువ్వు ఈమెయిల్ చెయ్యమ్మా."

"నేనెందుకు? ఉడకేసింది నువ్వు. వెళ్లి చెప్పు."

డైరీ పట్టుకుని తరగతి ముందు నిలబడ్డాను. ఓవెన్, పెరుగు, శీలావతి, అన్నీ చెప్పాను. ఎవరో కిసుక్కుమన్నారు. మిస్ బ్రెనన్ మాత్రం మార్కర్ తీశారు.

"మీ చేపలు ఎంత వేడి నీళ్లలో గుడ్లు పెడతాయి?"

"ఇరవై ఎనిమిది డిగ్రీలు. వానలు పడ్డాక."

ఆవిడ బోర్డు మీద 28 వేసి, చాలా కింద 10 వేశారు. "ట్రౌట్‌ది ఇదీ. ఏ చేప వేడి దానిది. మన ఏరులు వేడెక్కితే నీ ఓవెన్‌లో జరిగిందే అక్కడా జరుగుతుంది."

"పన్నెండైతే? పదిహేనైతే?" అడిగింది నేనే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఈసారి రెండు తొట్టెలు పెట్టి చూద్దాం. లెక్కలు నీ డైరీలోనే."

ఇంటికి పరుగెత్తాను. ఫ్రిజ్ తెరిచి, ఇడ్లీ పిండి గిన్నె జరిపి రెండో సీసా చూశాను. ఒక గుడ్డు చిరిగి, దారపు పోగంత తోక గిలగిలా కొట్టుకుంటోంది. రెండోది కూడా.

"అమ్మా, రా, పుడుతున్నాయి."

అమ్మ వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఇక తలుపు వెయ్యవే," అంది గుసగుసగా. "వాటికి వేడి తగులుతుంది."